ఇంట్లో బియ్యానికి కొరత లేదు, ఒంట్లో రక్తానికి ఎందుకు కొరత?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో క్లుప్తంగా చెబుతాను. సిద్దిపేట దగ్గరి పల్లెలో మీది ఆరుగురున్న ఇల్లు. రేషన్ కార్డు మీద నెలకు 36 కిలోల సన్న బియ్యం వస్తున్నాయి, పైగా సొంత పొలం వడ్లున్నాయి, మూడు పూటలా అందరూ కడుపునిండా తింటున్నారు. అయినా మీ వదినగారికి హిమోగ్లోబిన్ 8.6 గ్రాములే ఉంది, నాన్నగారికి సుగర్ వచ్చింది, రెండున్నరేళ్ల మీ అన్నగారి బాబు బరువు పెరగడం లేదు. తిండికి కరువు లేని ఇంట్లో ఈ మూడూ ఎందుకొచ్చాయి, తప్పు రేషన్ బియ్యానిదా, అందరం చిరుధాన్యాలకు మారిపోతే సరిపోతుందా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, తప్పు బియ్యానిది కాదు. బియ్యం వచ్చినంత తేలికగా, అంత చవకగా పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర మీ కంచంలోకి రాకపోవడమే కారణం. ఆ మూడు సమస్యలకూ మూలం చాలావరకు ఒక్కటే. ధాన్యం మార్చినంత మాత్రాన అది పోదు. అయితే మీ వదినగారి రక్తహీనతను ఇప్పుడు తిండి ఒక్కదానితో సరిదిద్దలేము, ఆమెకు మందు కావాలి. ఆ సంగతి చివర వివరిస్తాను.

నేను పోషకాహార నిపుణురాలిగా కొంతకాలం జిల్లా ఆసుపత్రిలోనూ, తరువాత అంగన్‌వాడీల పర్యవేక్షణలోనూ పనిచేసి పదవీ విరమణ చేశాను. మీ ఇంటి వంటి ఇళ్లు నాకు కొత్త కావు. ఒకే గడప లోపల మామకు సుగర్, కోడలికి రక్తహీనత, మనవడికి తక్కువ బరువు ఉండటం మన పల్లెల్లో ఇప్పుడు మామూలు దృశ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అదే సర్వేలో అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్న స్త్రీలు తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. కేలరీలు ఉన్నాయి, వాటితో పాటు రావలసినవి లేవు.

మీ ఇంటి లెక్కే వేద్దాం. మనిషికి నెలకు 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. మీరు రాసినదాన్ని బట్టి సొంత బియ్యం కూడా కలుపుకొని పెద్దవాళ్లు రోజుకు సుమారు 400 గ్రాముల బియ్యం తింటున్నారు. దాని నుంచి దాదాపు 1,400 కేలరీలు, 32 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. వినడానికి బాగానే ఉంది. కాని పాలిష్ పట్టిన బియ్యంలో ఇనుము 100 గ్రాములకు 0.65 మిల్లీగ్రాములే, అంటే 400 గ్రాములకు కలిపి 3 మిల్లీగ్రాములు కూడా లేదు. స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేశాయి. ఇక మాంసకృత్తుల విషయానికొస్తే, బియ్యంలో లైసిన్ అనే అవసరమైన అమినో ఆమ్లం తక్కువ. పప్పు తోడైతేనే ఆ లోటు తీరి, శరీరం బియ్యంలోని మాంసకృత్తులను కూడా పూర్తిగా వాడుకోగలుగుతుంది. మీ ఇంట్లో పప్పు వారానికి రెండుసార్లు, గుడ్డు ఆదివారం, పాలు దాదాపు అన్నీ డెయిరీకి. మిగిలిన రోజుల్లో చారు, పచ్చడి, ఒక కూర. కడుపు నిండేది బియ్యంతోనే.

ఇది మీ ఇంటివాళ్ల అజ్ఞానం వల్ల జరిగింది కాదని నొక్కి చెప్పదలచాను, ఎందుకంటే ఆసుపత్రుల్లో "సరిగా తినండి" అని మందలించి పంపేవాళ్లను చాలామందినే చూశాను. ఏ పంటకు నీళ్లు, మద్దతు ధర, కొనుగోలు కేంద్రం ఉన్నాయో ఆ పంటనే రైతు వేస్తాడు, ఏ గింజ చౌకధరల దుకాణానికి వస్తుందో అదే పేదవాడి కుండలో ఉడుకుతుంది. వరికి ఆ మూడూ ఉన్నాయి. కందికి, పెసరకు మద్దతు ధర ప్రకటన ఉన్నా కొనుగోలు వరికి జరిగినంత ఖాయంగా జరగదు. దేశంలో తలసరి పప్పుల లభ్యత 1951లో రోజుకు 60 గ్రాములకు పైగా ఉండేది, తరువాతి దశాబ్దాల్లో అది 50 గ్రాముల లోపుకు పడిపోయింది. గట్ల మీద కంది సాళ్లు, చేలో జొన్నతో పాటు పెసర, అనుము, బొబ్బర్లు వేసిన తరం మీ నాన్నగారిదే అయి ఉంటుంది. బోరు పడి చేనంతా వరిమడి అయ్యాక ఆ పప్పులు దుకాణంలో కొనవలసిన వస్తువులయ్యాయి. కొనవలసి వచ్చినప్పుడు, నెలాఖరున మొదట తగ్గేది అవే.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి, ఎందుకంటే చిరుధాన్యాల గురించి మీరడిగిన దానికి సమాధానం అందులోనే ఉంది. మన ప్రాంతపు రోగాలు తిండిగింజను బట్టి మారుతూ వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఉత్తర సర్కారు (కోస్తా ఆంధ్ర) జిల్లాల్లో బెరిబెరి అనే రోగం ఉండేది. మరల్లో పాలిష్ పట్టిన పచ్చి బియ్యం ప్రధానాహారమైన చోట, తవుడుతో పాటు థయమిన్ అనే బి1 విటమిను కూడా పోయి కాళ్లు తిమ్మిరెక్కడం, గుండె దెబ్బతినడం జరిగేది. ఉప్పుడు బియ్యం తినేవారిలో అది అంతగా కనిపించేది కాదు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరల్లోని విటమిను కొంత గింజ లోపలికి చేరుతుంది. నేటి జాతీయ పోషకాహార సంస్థకు మూలం 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది.

హైదరాబాదుకు వచ్చాక వారికి ఎదురైన రోగం వేరు. ఇక్కడ దక్కన్‌లో జొన్న తినే కూలీలకు పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలే చేతుల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేవడం, నాలుక ఎర్రబడి పుండవడం, విరేచనాలు, మనసు చెదిరిపోవడం దాని లక్షణాలు. నియాసిన్ అనే బి3 విటమిను లోపం దీనికి కారణం. జొన్నలో ల్యూసిన్ అనే అమినో ఆమ్లం ఎక్కువగా ఉండటం వల్ల శరీరంలో నియాసిన్ తయారీ, వినియోగం దెబ్బతింటాయని ఆ సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. ఆ వాదం మీద తరువాత చాలా చర్చ నడిచింది. చర్చ ఎలా ఉన్నా, రోగం వచ్చినవాళ్లు జొన్న తప్ప దాదాపు మరేమీ దొరకని పేదలు అన్నది మాత్రం స్పష్టం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. రేషన్ బియ్యం జొన్న ప్రాంతాలకు చేరడం, కూలి రేట్లు కొంత పెరగడం, తిండిలో ఇతర పదార్థాలు చేరడం వంటి మార్పులతో పెల్లాగ్రా అరుదైపోయింది. రేషన్ బియ్యాన్ని తిట్టేవారు ఈ సంగతి మరచిపోకూడదు. ఆ బియ్యం ఆకలిని, దానితో పాటు ఒక భయంకరమైన రోగాన్ని వెనక్కి నెట్టింది.

కనుక చిరుధాన్యాలకు మారడం మంచిదే, కాని అన్నీ మానేసి వాటికే మారడం మంచిది కాదు. రాగిలో 100 గ్రాములకు దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, సజ్జలో 6 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంది, జొన్నలో పీచు ఉంది. ఇవన్నీ పాలిష్ బియ్యం కంటే మేలైనవే. కాని వాటిలోని ఫైటేట్లు అనే పదార్థాలు ఇనుమును పట్టి ఉంచుతాయి కాబట్టి, కాగితం మీద కనిపించే ఇనుమంతా రక్తంలోకి రాదు. నా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు, నగరంలో ఉద్యోగి, అన్నం పూర్తిగా మానేసి పూటకో చిరుధాన్యం చొప్పున తింటూ, పప్పు కూడా తగ్గించి, సగం జీతం కొరలకు, అరికెలకు పెడుతున్నానని గర్వంగా చెప్పాడు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ కాని, బి12 కాని బాగా లేవు. రోజుకు ఒక పూట జొన్న రొట్టె, పక్కన గట్టి పప్పు, ఆకుకూర పెట్టుకోమన్నాను. అతనికి ఆ సలహా మరీ సాదాగా అనిపించినట్టుంది.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళలు జొన్నలు పండించి, నిల్వచేసి, తమ ఊళ్లలోనే పంచుకునే ఏర్పాటు నడిపారు. దానిని నేను గౌరవించడానికి కారణం జొన్న మాత్రమే కాదు. వారి చేలలో జొన్నతో పాటు పప్పులు, నూనెగింజలు, దానంతట అదే మొలిచే ఆకుకూరలు కూడా ఉండేవి. నేటి మార్కెట్లో చిరుధాన్యం పేరుతో అమ్ముడవుతున్నది ఒక్క గింజ మాత్రమే. ఆ చేనులోని మిగతా భాగం దానితో రాదు.

ఇక రేషన్ బియ్యంలో తేలే గింజలు ప్లాస్టిక్‌వేమోనని మీ అమ్మగారు భయపడి ఏరి పారేస్తున్నారని రాశారు. అవి ప్లాస్టిక్ కావు. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన తరువాత ప్రభుత్వ పథకాల బియ్యంలో పోషకాలు చేర్చిన గింజలను నూటికి ఒకటి చొప్పున కలపడం విస్తరించింది. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మరలో గింజ ఆకారంలో ఒత్తుతారు. వాటిలో కొన్ని నీటిపై తేలుతాయి. కిలో బియ్యానికి ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలన్నది ప్రమాణం. రోజుకు 200 గ్రాముల అటువంటి బియ్యం తింటే 5.6 నుంచి 8.5 మిల్లీగ్రాములు వస్తాయి. చిన్న మొత్తం కాదు, అలాగని 29కి సరిపోయేదీ కాదు. మీ షాపులో అటువంటి బియ్యం వస్తుంటే ఏరి పారేయకండి, మరీ ఎక్కువసార్లు కడగకండి, గంజి వార్చకుండా నీళ్లు ఇగిరేలా వండండి. తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధితో తరచు రక్తం ఎక్కించుకునేవారు మాత్రం ముందుగా తమ వైద్యుణ్ని అడగాలి. నా అభిప్రాయం అడిగితే, గింజలో ఇనుము కలపడానికి పెట్టే శ్రద్ధలో కొంతయినా ప్రతి నెలా కార్డుకు పప్పు అందించడం మీద పెట్టి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని. పప్పులో ఇనుముతో పాటు మాంసకృత్తులు, పీచు కూడా ఉంటాయి.

సరఫరా గడప దగ్గర ఆగిపోదు. ఇంట్లోకి వచ్చిన తిండి ఇంట్లో అందరికీ సమానంగా చేరుతుందా అన్నది వేరే ప్రశ్న. నేను పల్లెల్లో ఇళ్లకు వెళ్లినప్పుడు కూర ఏమిటని అడగడం మానేసి, చివర ఎవరు తింటారు, వారు తినేసరికి గిన్నెలో ఏముంటుంది అని అడిగేదాన్ని. సాధారణంగా చివర తినేది కోడలు. ఆమెకు అన్నం సరిపడా ఉంటుంది, పప్పు అడుగున ఉన్న నీళ్లు ఉంటాయి, గుడ్డు ఉండదు. నెలనెలా రక్తం పోయేది, బిడ్డను మోసి కని పాలిచ్చింది ఆమే. అవసరం ఎక్కువ, అందేది తక్కువ. మీ ఇంట్లో అలా జరుగుతున్నదని నేననడం లేదు, ఒకసారి గమనించమంటున్నాను. అందరూ కలిసి కూర్చొని తినే ఏర్పాటు చేయగలిగితే చాలా ఇళ్లలో ఖర్చు లేకుండానే మార్పు కనిపించింది.

బాబు విషయం. పుట్టినప్పుడు 2.3 కిలోలు అన్నారు, అంటే తక్కువ బరువుతోనే పుట్టాడు. గర్భంలో ఉన్నప్పుడు తల్లికి అందని పోషణ బిడ్డ బరువులో కనిపిస్తుంది. పుణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చేసిన పరిశోధనల్లో మన దేశపు శిశువులు బరువు తక్కువగా, కండ పలచగా ఉన్నా, ఆ బరువుకు తగినదానికంటే కొవ్వు ఎక్కువగా ఉంటారని తేలింది. ఇటువంటి పిల్లలు పెద్దయ్యాక సుగర్ బారిన పడే అవకాశం ఎక్కువ. తాతగారి సుగర్‌కు, మనవడి బరువుకు సంబంధం ఉండవచ్చని నేననడం ఇందుకే. పల్లెలో పేదరికపు రోజుల్లో పుట్టి, నడివయసులో మూడు పూటలా తెల్లన్నం దొరికి, ట్రాక్టరు వచ్చి ఒంటి శ్రమ తగ్గిన తరం మీ నాన్నగారిది.

బాబుకు ఇప్పుడు కావలసింది పెద్ద ముద్ద కాదు, చిక్కటి ముద్ద. చిన్న పొట్టలో చారన్నం పోస్తే నీళ్లతో నిండిపోతుంది. మెత్తగా ఉడికిన పప్పు, చెంచా నెయ్యి లేదా నూనె, రోజూ ఒక గుడ్డు, మీ గేదె పాలలో ఒక గ్లాసు డెయిరీకి పోకముందే వాడికి. రోజుకు మూడు భోజనాలతో పాటు రెండుసార్లు అరటిపండు, పల్లీపట్టీ, గుగ్గిళ్ల వంటివి మెత్తగా చేసి పెట్టండి (పల్లీలు పొడి చేసే పెట్టాలి, గింజగా పెడితే గొంతులో అడ్డుపడతాయి). అంగన్‌వాడీలో మూడేళ్ల వరకు నెలకు 2.5 కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి ఇస్తారు, గుడ్లు ఇస్తారు. చాలా ఇళ్లలో ఆ పొడిని లడ్డూలు చేసి ఇంటిల్లిపాదీ తినేస్తారు. అది వాడి వాటా, వాడికే ఉంచండి. దుకాణం ముందు దండల్లా వేలాడే ఐదు రూపాయల చిప్స్ పొట్లాలు, బిస్కెట్లు భోజనానికి ముందు ఇవ్వకండి. వాటిలో పిండి, పామాయిలు, ఉప్పు, చక్కెర తప్ప చెప్పుకోదగినవి లేవు, కాని ఆకలిని మాత్రం చంపేస్తాయి. అవి ప్రతి ఊళ్లోనూ, ప్రతి రోజూ దొరుకుతాయి, గుడ్డు దొరకని రోజు కూడా. సరఫరా అంటే ఇదీ ఒక భాగమే.

నాన్నగారి విషయంలో క్లుప్తంగా చెబుతాను. అన్నం మానవలసిన అవసరం లేదు, తగ్గించాలి. ఇప్పుడు కంచంలో మూడు వంతులు అన్నం, ఒక వంతు కూర ఉంటే, సగం కూర, పావు వంతు అన్నం లేదా రొట్టె, పావు వంతు పప్పు లేదా గుడ్డు లేదా చేప అయ్యేలా చూడండి. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకుండా చూడమన్నాయి. సుగర్‌కు మంచిదని పొద్దున్నే గ్లాసులకు గ్లాసులు రాగి జావ తాగేవారిని చూస్తుంటాను. మెత్తగా విసిరి బాగా ఉడికించిన పిండి త్వరగా జీర్ణమై చక్కెరను పెంచుతుంది. అదే రాగి సంకటిగా, ఆకుకూర పప్పుతో తక్కువ మోతాదులో తింటే వేరు. ఒక ముఖ్యమైన హెచ్చరిక: ఆయన సుగర్ బిళ్లలు లేదా ఇన్సులిన్ వాడుతుంటే, అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు. వైద్యుడికి చెప్పి మందు మోతాదు సరిచూసుకున్నాకే తగ్గించండి.

ఇక వదినగారు. గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత, 8 కంటే తగ్గితే తీవ్రమైనది. 8.6 అంటే ఆ అంచుకు దగ్గరగా ఉన్నారు. ఈ స్థాయిలో ఖర్జూరాలు, బీట్‌రూట్ రసం, బెల్లం మీద ఆధారపడి నెలలు గడపకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు ఉచితంగా ఇస్తారు, మోతాదు అక్కడి వైద్యులే నిర్ణయిస్తారు. (ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో సంశ్లేషించిన బృందానికి నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.) మాత్ర వేసుకోవడానికి ముందూ వెనకా గంటసేపైనా టీ, పాలు, కాల్షియం బిళ్ల వద్దు. నిమ్మరసం నీళ్లతో లేదా జామకాయతో వేసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. మలం నల్లగా రావడం సహజం. వికారంగా ఉంటే రాత్రి తిన్నాక వేసుకోవచ్చు, మానడం మాత్రం వద్దు. నా అనుభవంలో మాత్రలు పనిచేయలేదని వచ్చినవారిలో చాలామంది వాటిని పొద్దుటి టీతో వేసుకున్నవారు, లేదా రెండు వారాలకే ఆపేసినవారు. అంకె మామూలు స్థాయికి వచ్చాక కూడా ఒంట్లో నిల్వలు నిండడానికి సుమారు మూడు నెలలు కొనసాగించాలి.

నెల రోజుల తరువాత మళ్లీ పరీక్ష చేయించండి. మాత్రలు సరిగా వేసుకుంటే కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే కారణం తిండిలోనే ఉందని అనుకోకూడదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందా, పొలంలో చెప్పుల్లేకుండా తిరగడం వల్ల కొంకి పురుగులు చేరాయా, బి12 లోపమా, తలసీమియా లక్షణం ఏమైనా ఉందా అన్నది వైద్యులు చూడవలసి ఉంటుంది. నులిపురుగుల మాత్ర ఆమెతో పాటు బాబుకు కూడా ఇవ్వాలా అని అదే రోజు అడగండి.

బాబును ఈ వారంలోనే అంగన్‌వాడీకి తీసుకెళ్లి బరువు, ఎత్తు, జబ్బ చుట్టుకొలత చూపించండి. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, పాదాల మీద వాపు ఉన్నా ఇంటి తిండితో ప్రయోగాలు చేయకుండా పెద్ద ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి. ఆ కొలతలు, వదినగారి పూర్తి రక్త పరీక్ష వివరాలు ఇక్కడ రాస్తే, మీ ఇంట్లో దొరికే వాటితోనే ఎవరికి ఏ పూట ఏం పెట్టాలో విడిగా రాసిస్తాను.